మట్టికి బొగ్గు మందు

పోయిన వారం సూర్యకళను మనం ఫ్యాక్టరీ గేటు ముందు, వరసగా నిలబడ్డ టిప్పర్ల పక్కన వదిలి వచ్చాం. నాచారంలో మూతపడిన ఆ రంగుల ఫ్యాక్టరీ ఆవరణలో ఏళ్ల తరబడి మంటలార్పే నురగ చల్లి చల్లి నేల పాడైంది. ఆ నురగలోని ఫ్లోరిన్ రసాయనాలు ఎండకు విరగవు, మట్టిలో కుళ్లవు. వాన పడినప్పుడల్లా మెల్లగా కిందికి మాత్రం దిగుతాయి. అలా దిగి దిగి పక్కనున్న కాలనీ బోర్లలో కలిశాయి. బోర్లకు మూతలు పడ్డాయి. ఇప్పుడు ట్యాంకర్ వస్తేనే బిందె నిండుతుంది. ఆ మట్టినంతా తవ్వి ఎత్తుకుపోవాల్సిందేనని కాలనీ సంఘం అధ్యక్షురాలు సూర్యకళ పట్టుబట్టి, కాంట్రాక్టర్ నరేన్‌ను రప్పించింది. మట్టిని కదపొద్దు, ఉన్నచోటే బొగ్గు కలిపి విషాన్ని కట్టిపడేద్దాం అంటుంది పరిశోధనశాల నుంచి వచ్చిన గౌతమి. ఆదివారం ఉదయం మొదటి టిప్పర్ నిండింది. అది గేటు దాటేలోగా గౌతమి తన స్కూటీని తెచ్చి దానికి అడ్డంగా పెట్టింది.

“మేడమ్, బండి తియ్యి. మంచిగ జెప్తున్న,” అంది సూర్యకళ.

ఆమెది మామూలు గొంతు కాదు. ఉప్పల్ డిపోలో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. కాలు పెట్టే చోటు లేని వరంగల్ బస్సులో, చిట్టచివరి సీటువాడితో కూడా కూర్చున్నచోటి నుంచే టికెట్ తీయించిన గొంతు అది. ఆ గొంతు లేస్తే కాలనీలో ఎవరైనా పక్కకు జరగాల్సిందే.

గౌతమి జరగలేదు. ముప్పై దాటిన సన్నటి మనిషి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ఎండకు కమిలిన ముఖం. లాలాపేట్ నుంచి ఆ పాత స్కూటీ మీదే వచ్చి, వానాకాలమంతా ఈ ఆవరణలో బురద తొక్కింది. ఆమె కనబడినప్పుడల్లా సూర్యకళకు ఒళ్లు మండేది. ‘మేం నీళ్లకు ఏడుస్తుంటే ఈ పిల్ల మట్టితో ఆడుకుంటుంది’ అనుకునేది.

“తీస్తనమ్మా,” అంది గౌతమి. “ఈ మట్టి యాడికి పోతుందో ఒక్కమాట చెప్పుండ్రి. తీసేస్త.”

సూర్యకళ ఇన్నాళ్లూ మట్టి పోవాలి అనే అనుకుంది గానీ, ఎక్కడికి పోవాలో ఏనాడూ అడగలేదు. ఆమె నరేన్ వైపు చూసింది.

“ఊరి బయటికక్కా,” అన్నాడు నరేన్. ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వు చెదరని ముఖం. “మీకెందుకు ఫికర్? ఎవ్వరికీ తకలీఫ్ లేని జాగ.”

“ఆ జాగ పేరేంది?” అంది గౌతమి.

“మేడమ్, మీరు సైంటిస్టు. మట్టి పరీక్షలు మీరు జేసుకోండి. బండ్ల సంగతి మాకిడిసిపెట్టుండ్రి.”

ఆ మాట పూర్తయ్యేలోపే గేటు దగ్గర ఒక ఆటో ఆగింది. అందులోంచి మల్లవ్వ దిగింది. సూర్యకళకు ఆమె స్వయానా వియ్యంపురాలు. దమ్మాయిగూడలో ఉంటుంది. సూర్యకళ ఒక్కగానొక్క కూతురు త్రివేణి ఆ ఇంటి కోడలే. కబురు లేకుండా, ఇంటి పనులన్నీ వదిలేసి మల్లవ్వ పొద్దున్నే నాచారం వచ్చిందంటే చిన్న విషయం కాదు. సూర్యకళ గబగబా ఎదురెళ్లింది.

“ఏంది వదినె, త్రివేణి మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్నది. మంచిగుండనిస్తరా లేదా, అడుగుదామని వచ్చిన,” అంది మల్లవ్వ. కొంగు నడుముకు బిగించి టిప్పర్ల వైపు వేలు చూపించింది. “గీ బండ్లేనా మా కాలనీ ఎనక క్వారీ గుంతల గుమ్మరించేది? నిన్న జేసీబీ తెచ్చి గుంత దాంక తొవ్వ సాపు జేసిన్రు. ఎవని మట్టిరా అంటే నాచారం ఫ్యాక్టరీదన్నరు. ఎవరు పంపుతున్నరంటే కాలనీ పెద్ద సూర్యకళమ్మ అన్నరు. నేను నమ్మలే. మా వదినె గట్ల జెయ్యదని ఆల్లతోని కొట్లాడిన.”

కాలనీ జనం ఒక్కొక్కరే చుట్టూ చేరారు.

“మొన్న బతుకమ్మ పండుగకు సద్దులు గట్టుకొని మా ఇంటికొచ్చినవ్,” అంది మల్లవ్వ. ఈసారి ఆమె గొంతు పెద్దగా లేదు. “నా ఆకిట్ల గూసోని తిన్నవ్. గిప్పుడు అదే ఆకిలికి గిది తోలుతున్నవా వదినె? నీ ఇంటి కసువు మా ఇంట్ల ఊడుస్తవా? నీ బిడ్డ గాడనే ఉన్నది గదా, యాదికి రాలేదా?”

సూర్యకళ జీవితంలో ఎన్నో తగాదాలు చూసింది. చిల్లర కోసం, సీటు కోసం, స్టేజీ దాటిందని చొక్కాలు పట్టుకున్నవాళ్లను విడదీసింది. ఎదుటివాడి మాటకు రెండు మాటలు అప్పజెప్పకుండా ఎన్నడూ ఊరుకోలేదు. ఇప్పుడు మాత్రం తల వంచుకుని, “నాకు తెల్వదు వదినె,” అంది. ఆ మాట తన చెవికే సిగ్గుచేటుగా వినబడింది.

నరేన్ గడుసువాడు. గాలి మారుతోందని కనిపెట్టాడు. వెంటనే జనం వైపు తిరిగాడు.

“సరే, క్వారీ వద్దు. ఇంకో జాగ సూస్త. కానీ మేడమ్‌ను ఒక్కటడుగుండ్రి. బొగ్గు ఏస్తే విషం పోతదా? పోతదంటే నా బండ్లు గిప్పుడే వాపస్ తీస్కపోత. చెప్పండి మేడమ్, అందరి ముందట. పోతదా, పోదా?”

అందరి కళ్లూ గౌతమి మీదికి తిరిగాయి.

“పోదు,” అంది గౌతమి.

జనంలో గుసగుస లేచింది. నరేన్ చేతులు రెండూ చాచి ‘విన్నారుగా’ అన్నట్టు నవ్వాడు. సూర్యకళ మాత్రం ఆ అమ్మాయి ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఒక్క అబద్ధం ఆడితే గెలిచేది కదా! ‘పోతది’ అంటే ఇక్కడ కాదనేవాడు ఎవడు? ఆ రసాయనం పేరైనా సరిగ్గా పలకగలిగేవాడు ఎవడు? ఇంతమంది ముందు, ఓడిపోతానని తెలిసి కూడా నిజమే చెప్పిన ఆఫీసర్‌ను సూర్యకళ తన సర్వీసు మొత్తంలో చూడలేదు.

“పోదని ఎందుకంటున్ననో గూడ వినుండ్రి,” అంది గౌతమి. “ఈ విషం అంత జల్ది చచ్చేది కాదు. క్వారీల పోసినా చావదు, ఇంకో జాగల పోసినా చావదు. తవ్వితే మట్టి పొడైతది, రోడ్డు పొడుగూత రాల్తది. కొత్త జాగల మొదటి వానకే కిందికి దిగుతది. మనకు మూతపడ్డట్టే ఆడ బోర్లకు మూతపడ్తది. నేను చేసేది దాన్ని చంపుడు గాదు. కాళ్లు కట్టేసుడు. రండి, చూపిస్త.”

గేటు పక్క మూలన ఆరుబయట రెండు నీలం డ్రమ్ములు ఉన్నాయి. పైన మూతల్లేవు. అడుగున చిన్న నల్లాలు బిగించి ఉన్నాయి. సూర్యకళ వాటిని రోజూ చూసేది. ఆ పిల్ల మొక్కలు పెంచుతుందేమో అనుకునేది.

“రెండిట్లనూ ఇదే మట్టి,” అంది గౌతమి. “ఈ వానాకాలం పడ్డ వానంతా రెండిటి మీద ఒక్క తీరుగనే పడ్డది. దీంట్ల ఉత్త మట్టి. దాంట్ల బొగ్గుపొడి, ఒక రకం బంకమన్ను కలిపిన. మట్టి వంద పాళ్లైతే మందు మూడు పాళ్లు, అంతే.”

“ఇస్త్రీ పెట్టెల ఏస్తరే, గా బొగ్గేనా?” అడిగింది మరియమ్మ. కాలనీలో బోరుకు మొదటి మూత పడింది ఆమె ఇంట్లోనే.

“అసొంటిదేనమ్మా, కానీ అది చాలదు. ఇది కొబ్బరి చిప్పల బొగ్గు. కొలిమిల ఆవిరి పట్టించి తయారుజేస్తరు. మీ ఇంట్ల నీళ్ల ఫిల్టర్‌ల ఉంటదే, అది. దీని లోపల కంటికి కనబడని బొక్కలుంటయ్. బొక్కల గోడలన్నీ విప్పి పరిస్తే, ఒక గుప్పెడు బొగ్గు మన ఉప్పల్ స్టేడియం గ్రౌండంత అయితది. విషం పోయి ఆ గోడలకు అతుక్కుంటది. నీళ్లొచ్చి పిల్చినా రాదు.”

గౌతమి రెండు డ్రమ్ముల నల్లాలూ తిప్పి, రెండు గాజు సీసాల్లో సగం సగం నీళ్లు పట్టింది. రెండూ తేటగా ఉన్నాయి. చూడ్డానికి తేడా లేదు. చేతులకు వేసుకునే తొడుగులు సూర్యకళకు ఇచ్చి, “మీరే ఊపుండ్రి అమ్మా. నేను ఊపితే నేనేదో జేసిన్నంటరు,” అంది.

సూర్యకళ తొడుగులు వేసుకుంది. ఉత్త మట్టి డ్రమ్ము నీళ్ల సీసాను ముందుగా తీసుకుని గట్టిగా ఊపి, రేకు బల్ల మీద పెట్టింది. సీసా మూతి దాకా తెల్లటి నురగ నిండింది. అది చిట్లలేదు. అలాగే నిలబడింది. బట్టలు ఉతికిన బకెట్లో సబ్బు నురగ నిలబడినట్టు నిలబడింది.

జనంలో ఎవరో “ఓరి దేవుడా” అన్నారు.

రెండో సీసాను ఇంకా గట్టిగా ఊపింది. భుజం నొప్పి పుట్టేదాకా ఊపింది. బుడగలు నాలుగు లేచి, లేచినట్టే చిట్లిపోయాయి. నీళ్లు ఉత్త నీళ్లలాగే కదిలి ఊరుకున్నాయి.

ఎవరూ చెప్పకుండానే చప్పట్లు మొదలయ్యాయి. గౌతమి చెయ్యి ఎత్తి ఆపింది.

“ఆగుండ్రి. చప్పట్లు కొట్టేంత ఏం లేదు. నురగ కనబడలేదంటే అంతా మంచిగున్నదని కాదు. అందుకే మా లాబ్‌ల కొలిపించిన. ఈ రసాయనాలకు తోకలుంటయనుకోండి. పొడుగు తోకవి బొగ్గుకు గట్టిగ అతుక్కున్నయ్, వందకు తొంభైకి పైననే. పొట్టి తోకవి సగం గూడ ఆగలేదు, జారిపోతున్నయ్. వాటికి ఇంకా పాళ్లు మార్చి చూస్తున్న. ఈ మాట నేను గిప్పుడు చెప్పకపోతే, రేపు మీకే తెలిసినప్పుడు నన్ను నమ్మరు.”

సూర్యకళకు ఆ క్షణంలో కలిగింది మెచ్చుకోలు అంటే చాలదు. గెలిచిన చోట ఆగి, ఇదిగో నా లోటు అని చూపించే మనిషిని చూస్తుంటే ఆమెకు ఎందుకో కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ బురద తొక్కుతూ ఈ పిల్ల చేసింది ఆట కాదు. తామంతా ట్యాంకర్ దగ్గర తిట్టుకుంటూ నిలబడ్డ ప్రతి పొద్దూ, ఈమె ఇక్కడ తమ కోసమే డ్రమ్ముల కింద సీసాలు పెట్టుకుని కూర్చుంది.

“మరి మేం ఇన్నేండ్లు తాగిన నీళ్లు?” మరియమ్మ మెల్లగా అడిగింది. “గది గూడ కట్టేస్తవా బిడ్డ?”

గౌతమి దగ్గరికి వచ్చి మరియమ్మ చెయ్యి పట్టుకుంది.

“అది నా చేతిల లేదమ్మా. ఒంట్లకు పోయినదాన్ని నేను తీయలేను. దవాఖానాల అందరికీ పరీక్షలు చేయించమని నేనే అడుగుత, మీతోని వస్త. కానీ రేపటి నుంచి కొత్తగ దిగకుండ ఆపొచ్చు. అది మాత్రం చేస్త. రోటవేటర్‌తోని మట్టిని తిరగదున్ని బొగ్గు కలిపి, పైన బంకమన్ను పరిచి, చుట్టూ పరీక్ష బోర్లు వేసి నీళ్లు చూస్కుంట ఉండాలె.”

“ఎన్నేండ్లు సూడాలె?” అన్నాడు నరేన్ వెటకారంగా.

“ఆపకుండ చూడాలె,” అంది గౌతమి. “చంటిపిల్లకు టీకా వేసినట్టు ఒక్కసారి వేసి పోయే పని గాదు ఇది. నేను పోయినా ఇంకొకరు చూడాలె. ఇక్కడోల్లు నేర్చుకోవాలె.”

అప్పటికి టిప్పర్ డ్రైవర్లు ఇంజన్లు మళ్లీ స్టార్ట్ చేశారు. నరేన్ కళ్లతోనే సైగ చేసినట్టున్నాడు. మొదటి టిప్పర్ స్కూటీని తప్పించుకుని పక్క నుంచి పోదామని మెల్లగా కదిలింది.

సూర్యకళ బండికి ఎదురెళ్లి చెయ్యెత్తింది.

“హోల్డాన్!”

సర్వీసులో ఎన్ని బస్సులను ఆపిందో ఆ కేక. బండి గతుక్కున ఆగింది.

“ఒక్క తట్టెడు మట్టి గూడ గేటు దాటది,” అంది సూర్యకళ. “యాడ తీసిన్రో ఆడనే పొయ్యుండ్రి. నరేన్, నిన్ను పిలిచింది నేను. పొమ్మంటున్నది గూడ నేనే. కాలనీ తరఫున చెప్తున్న, ఈ బిడ్డ చెప్పినట్టే జేస్తం. రోజుకు నలుగురం ఆడోల్లం వచ్చి నేర్చుకుంటం. సీసాలు కడుగుతం, నీళ్లు పడ్తం, ఏం జెప్తే అది.”

తర్వాత మల్లవ్వ వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకుంది. “వదినె, నా ఇల్లు శుభ్రమైతే సాలనుకున్న. నీ ఇల్లు కండ్లకు రాలేదు. తప్పైంది.”

మల్లవ్వ కోపం ఎప్పుడో కరిగిపోయింది. “సరే తియ్,” అంది కానీ, చేతులు విడిపించుకోలేదు. ఆమె ముఖంలో ఇంకేదో గుబులు ఉంది. టిప్పర్ వెనక్కి పోయి మట్టి దింపుతున్న చప్పుడు వినబడుతున్నా అటు చూడలేదు. చూపంతా బల్ల మీది సీసా మీదే ఉంది. ఎంతసేపైనా తగ్గని ఆ తెల్లటి నురగ మీద.

“బిడ్డా,” అంది గౌతమితో. “గీ నురగ నేను సూసిన.”

“ఎక్కడ?”

“మా క్వారీ గుంతల. మొన్నటి పెద్దవాన తెల్లారి. ఒడ్డు పొడుగూత గిట్లనే తెల్లగ. బర్రెలు మూతి వెట్టి మల్లి తీసేసినయ్. ఎవరన్న సబ్బు కలిపిన్రేమో అనుకున్నం. గాడ బట్టలుతికేటోల్లు ఎవ్వరు లేరు.” ఆమె చేసంచిలోంచి ప్లాస్టిక్ సీసా ఒకటి తీసింది. “గీ మట్టి సంగతి నిన్న ఇన్నంక ఎందుకో అనుమానమొచ్చి పొద్దుగాల్ల నీళ్లు పట్కొచ్చిన. జర సూడు.”

గౌతమి ఆ నీళ్లను శుభ్రమైన గాజు సీసాలోకి వంచింది. ఈసారి తానే ఊపింది. ఒక్కసారి, రెండుసార్లు. బల్ల మీద పెట్టింది.

నురగ లేచింది. మొదటి సీసాలో ఉన్నంత లేదు గానీ, లేచింది తగ్గలేదు.

“ఇది వేరేది గూడ కావచ్చు,” అంది గౌతమి జాగ్రత్తగా. “లాబ్‌ల కొలవంది నేనేం చెప్పను.” కానీ ఆమె ముఖం పాలిపోయింది. “ఈ ఫ్యాక్టరీ నుంచి మట్టి పోవుడు ఇవ్వాళనే మొదలు గదా? నరేన్‌గారూ, ఇదే గదా మొదటి బండి?”

నరేన్ చెవి దగ్గర ఫోన్ ఉంది. వినబడనట్టు కారు వైపు నడుస్తున్నాడు.

జవాబు టిప్పర్ దగ్గర నుంచి వచ్చింది. మట్టి దింపి, కేబిన్ లోంచి కిందికి దిగిన డ్రైవర్ శివ, తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. పాలకుర్తి వైపు నుంచి పనికొచ్చిన మనిషి. ఇప్పటిదాకా గౌతమి చెప్పిందంతా కేబిన్ లోంచే విన్నాడు.

“మొదటి బండి గాదు మేడమ్,” అన్నాడు. “ఎండాకాలంల గూడ తోలినం. ఎనక గోడ కాడ షెడ్డు ఏస్తమని గుంత తీసిన్రు. ఆ మట్టి. గిది విషమని మాకెవ్వరు జెప్పలేదు.”

“అంతా క్వారీలనే పోసిన్రా?”

శివ తల అడ్డంగా ఊపాడు. “కొన్ని బండ్లు క్వారీల. తర్వాత తొవ్వ బందైంది. మిగిలిన బండ్లు ఈడనే దగ్గర్ల ఎత్తు పోసుకుంటమన్నరని...”

మాట పూర్తి చేయలేక చెయ్యెత్తి గేటు బయటికి, రోడ్డు అవతలికి చూపించాడు. అందరూ అటు తిరిగారు.

అక్కడ కాలనీ పార్కు ఉంది. నిరుటి దాకా వానొస్తే మడుగయ్యే పల్లం అది. ఎండాకాలంలోనే మట్టి పోసి ఎత్తు చేశారు. వానలకు గడ్డి ఒత్తుగా, పచ్చగా లేచింది. ఆదివారం కదా, కాలనీ పిల్లలు అప్పటికే చేరారు. చెప్పులన్నీ గేటు దగ్గర విడిచి, ఉత్త కాళ్లతో ఆ గడ్డి మీద కబడ్డీ గీతలు గీస్తున్నారు.

సూర్యకళ పిల్లల వైపు పరుగెత్తింది. ఎక్కడిదైనా సరే, ఆ పల్లంలో నాలుగు బండ్ల మట్టి పోసి పుణ్యం కట్టుకొమ్మని ఎండాకాలంలో నరేన్ వెంటపడి బతిమాలింది ఆమే.